తుపాకీ క్లాసుకు పూటంతా, మన చట్టానికి గంటనా?

మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి మండలాల్లో ఇప్పుడు తెల్లారకముందే రోడ్డు మీదికి వస్తే మన పిల్లలు ఉరుకుతూ కనపడుతరు. ఆడపిల్లలు సుత ఉరుకుతున్నరు. పోలీసు సెలక్షన్ల తయారీ. ఈ ప్రాంతం సంగతి తెలిసినోళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళివి. కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లవాడు 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలె అన్నది రూలు. ఉరికే దమ్ము, చదివే బుర్ర ఉండి కూడా టేపు దగ్గరనే ఆగిపోయిన పిల్లలను మేము చూసినం. వాళ్ళను ఆపింది చదువు కాదు, బోరింగు నీళ్ళు. అలాంటి చోట నుంచి ఇప్పుడు పిల్లలు ఎంపికై పోతున్నరు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ పోలీసు నియామక మండలి 16 వేలకు పైగా పోస్టులకు ప్రకటన ఇస్తే మన వాడల్లో పుస్తకం పట్టని ఇల్లు లేకుండె. ఖాకీ బట్టల్లో ఉన్న కొడుకు ఫొటోను అంబేద్కర్ ఫొటో పక్కన పెట్టుకున్న తల్లులు ఉన్నరు. సంతోషమే. ఎవలు కాదంటరు?

అయితే మేము ఈ సంచికలో అడగదలచుకున్నది వేరే ప్రశ్న. ఆ శిక్షణలో మన పిల్లలకు ఏం నేర్పుతున్నరు? తుపాకీ నేర్పుతున్నరు. బాగానే నేర్పుతున్నరు. మరి తుపాకీ ఎప్పుడు ఎత్తొద్దు, ఎత్తితే ఎవలకు జవాబు చెప్పాలె, వాడ నుంచి ఒక ఆడమనిషి ఏడ్చుకుంట స్టేషనుకు వస్తే ముందు చేయవలసింది ఏంది అన్నవి ఏ మేరకు నేర్పుతున్నరు?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. కొంతకాలం కింద ఒక పోలీసు శిక్షణ కేంద్రం నుంచి మాకు పిలుపు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద మాట్లాడాలని. ఆ కేంద్రం పేరు రాయము. పిలిచిన అధికారి మంచి మనిషి, ఆయనకు మా వల్ల ఇబ్బంది రావద్దు. సంఘం తరఫున ఇద్దరం పోయినం. పోయేసరికి ఫైరింగు క్లాసు నడుస్తున్నది. మమ్మల్ని దూరంగా చెట్టు కింద కూచోబెట్టిండ్రు.

చూడవలసిన క్లాసే అది, దాపరికం ఎందుకు. మనిషి ఆకారం గీసిన అట్టలు వరుసగా నిలబెట్టి ఉన్నయి. పిల్లలు బోర్లా పడుకున్నరు. హుకుములు హిందీల. కాలు ఎట్ల చాపాలె, మోచెయ్యి ఎక్కడ ఆనించాలె, తుపాకీ మడమ భుజం గుంతలో ఎట్ల కుదరాలె, ఊపిరి సగం వదిలి ఎట్ల ఆపాలె, వేలును గుంజకుండ మెల్లగ ఎట్ల నొక్కాలె అని ఉస్తాదు ఒక్కొక్కరి దగ్గర వంగి దిద్దుతున్నడు. చేతిరాత దిద్దించే పంతులు లెక్క. కాల్చినంక అట్ట దగ్గరకు పోయి ఎవని గుండ్లు ఎంత దగ్గర దగ్గరగా పడ్డయో లెక్కబెట్టి మార్కులు రాసిండ్రు. ఆఖరుకు ఖాళీ తూటా గొట్టాలు ఏరి లెక్కజూసిండ్రు. ఒకటి తక్కువొచ్చింది. అది దొరికేదాక ఎవ్వరినీ కదలనియ్యలె. గడ్డిల వెతికి వెతికి తీసుకొచ్చిండ్రు.

ఆ ఒక్క ఇత్తడి గొట్టం కోసం పోయిన టైము మా గంటలో నుంచే పోయింది. మాకు మిగిలింది నలభై నిమిషాలు. పిల్లలు అలిసి ఉన్నరు, వెనక వరుసలో కునికిపాట్లు. మేము చట్టం చెప్పి అయిపోయినంక ప్రశ్నలు అడగమన్నం. లేచిన మొదటి పిల్లవాడు అడిగింది ఒకటే: “సార్, ఇండ్ల తప్పుడు కేసులు ఎన్ని?”

మేము బడిపంతుళ్ళం. పిల్లవాని మీద కోపం రాలె. ఆ ప్రశ్న ఆ అబ్బాయిది కాదు, ఊరి రచ్చబండ మీదిది. మేము చూసింది టైంటేబుల్‌ను. ఏ బడికి పోయినా టైంటేబుల్ చూస్తే ఆ బడి దేనికి విలువిస్తదో మాకు తెలుస్తది. దేనికి రోజూ పీరియడు ఉన్నది, దేనికి మార్కులున్నయి, దేనికి బయటి నుంచి ఎవరినో పిలిచి మమ అనిపిస్తున్నరు? తుపాకీకి పూటలు పూటలు, దిద్దేటోడు, పరీక్ష, మార్కులు. మన చట్టానికి ఒక ఉపన్యాసం. పరీక్షలో రానిది ఏ పిల్లవాడు చదువుతడు?

క్లాసు అయినంక ఒక అబ్బాయి మంచినీళ్ళు తెచ్చిచ్చిండు. మాకు ఎరుకైన పిల్లవాడే. పలకరించబోతే మెల్లగ అన్నడు: “సార్, నన్ను ఊరి పేరు పెట్టి పిలవకుండ్రి.” మేము ఎవల కోసం పనిచేసేటోళ్ళమో ఆ హాల్ల అందరికీ తెలుసు. మా ఊరోడని తెలిస్తే ఏ వాడ పిల్లవాడో తెలిసిపోతదని ఆ బిడ్డ భయం. ఒకే బ్యారక్, ఒకే మెస్సు, ఒకే తుపాకీ. అయినా కులం చెప్పుకోలేకున్నడు. నూరు గజాల దూరంలో అట్ట మధ్యల గుండు దించగలిగిన పిల్లవాడు తన ఊరి పేరుకు భయపడుతున్నడు.

కానిస్టేబుల్‌కు తెలంగాణలో తొమ్మిది నెలల శిక్షణ. మన రాజధానిలో శిక్షణ సంస్థలకు కొరత లేదు. ఐపీఎస్‌లను తయారుచేసే జాతీయ పోలీసు అకాడమీ 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో హైదరాబాదు శివరాంపల్లికి వచ్చింది. 2016 నవంబర్‌లో దేశంలోని డీజీపీల, ఐజీల సదస్సు జరిగింది అక్కడనే, ప్రధానమంత్రి సుత వచ్చిండు. రాష్ట్ర పోలీసు అకాడమీ హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్నది. దానికి పెట్టిన పేరు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిది. మన పాలమూరు ముద్దుబిడ్డే, నిజాం కాలంలో హైదరాబాదు కొత్వాలు. గ్రేహౌండ్స్ అయితే 1989లో కె.ఎస్. వ్యాస్ అనే అధికారి చేతుల మీదుగా పుట్టింది. ఆయన 1993 జనవరిలో ఎల్బీ స్టేడియంలో నక్సలైట్ల కాల్పుల్లో చనిపోయిండు. ఆ దళం నుంచి అడవి యుద్ధం నేర్చుకోవడానికి వేరే రాష్ట్రాల పోలీసులు సుత ఇక్కడికి వస్తరు. అంటే తుపాకీ విద్యకు దేశంలో పేరున్న చోటు మనది. ఇంత పేరున్న చోట అట్రాసిటీ కేసు దర్యాప్తు విద్యకు పేరు ఎందుకు రాలేదు?

పోలీసు వ్యవస్థలో మనవాళ్ళు ఉండుడు కొత్త కాదు. నిజాం కాలంలో ఊరికి పోలీసు పటేలు ఉండె. ఆయన దొర మనిషి. ఆయన వెనక కట్టె పట్టుకొని నడిచిన సేత్‌సింధి మన తాత. వెట్టికి మనిషిని పిలువనీకె, ఎదురు తిరిగినోణ్ణి చావడి కాడికి గుంజుకురానీకె, అధికారి వస్తే గుర్రానికి గడ్డి వేయనీకె మన తాతనే. కొట్టుమన్నది పటేలు, కొట్టిన చెయ్యి మనది, దెబ్బ తిన్న వీపు సుత మనదే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేలు పట్వారీ వ్యవస్థను ఎత్తేసింది. చావడి పోయి స్టేషను మిగిలింది. మా భయం ఒక్కటే. తాత చేతిలో ఉన్న కట్టె మనుమని చేతికి వచ్చేసరికి తుపాకీ అయితే అయింది గాని, హుకుము ఎటు నుంచి వస్తున్నదో, దెబ్బ ఎవల మీద పడుతున్నదో అది మాత్రం మారకపోతే ఎట్ల?

మన నల్లగొండ గడ్డ మీద జరిగినవే చూద్దాం. 2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద దుండగులు కాల్పులు జరిపిండ్రు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయిండ్రు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఆ దుండగులు ఎదురుపడ్డరు. ఇంకో కానిస్టేబుల్ ప్రాణం పోయింది, గాయపడ్డ ఎస్సై మూడు రోజులకు ఆసుపత్రిలో కన్నుమూసిండు. దుండగులిద్దరూ చచ్చిపోయిండ్రు. పోలీసు చావు మాకు చావు కాదా? హోంగార్డు అంటే ఎవలు? దినకూలి మీద డ్యూటీ చేసే పేదింటి కొడుకు. దుండగుల చేతిలో తుపాకులున్నప్పుడు వాళ్ళకు ఎదురు పంపే మనిషికి సరైన శిక్షణ, సరైన ఆయుధం ఉండాలె. అది అడిగేది మొదట మనమే. ఎందుకంటే ముందు వరుసలో నిలబెట్టేది మన పిల్లలనే. 2008 జూన్‌లో ఒడిశా బలిమెల రిజర్వాయరులో మావోయిస్టుల దాడికి గురై లాంచీతో సహా మునిగిపోయిన గ్రేహౌండ్స్ జవాన్ల ఇళ్ళు సుత చాలావరకు ఇట్లాంటి పేదిళ్ళే. అడవి ఆ దిక్కున ఉన్నోళ్ళల్లనూ మన వాడల పిల్లలున్నరు, ఈ దిక్కున ఉన్నోళ్ళల్లనూ ఉన్నరు. ఏండ్ల తరబడి రెండు దిక్కుల శవాలు మన ఊళ్ళకే వచ్చినయి.

కానీ అదే 2015 ఏప్రిల్ 7న ఏం జరిగింది? వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు వ్యానులో తీసుకపోతున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసులు కాల్చి చంపిండ్రు. సూర్యాపేట కాల్పులు వీళ్ళు చేసినవి కావు, అప్పటికి వీళ్ళు జైలులోనే ఉన్నరు. చేతులకు బేడీలు ఉండంగనే సీట్లల్ల ఒరిగిపోయిన శవాల ఫొటోలు దేశమంతా చూసింది. తుపాకీ గుంజుకోబోయిండ్రు, అందుకే కాల్చినం అన్నరు పోలీసులు. బేడీలేసి, వ్యానుల కూచోబెట్టి, చుట్టూ సాయుధులు ఉండంగ మనుషులను ప్రాణాలతో కోర్టుకు చేర్చలేకపోతే అది ఏ శిక్షణ? చేర్చవద్దనుకుంటే అది ఏ చట్టం?

నాలుగేండ్లకు, 2019 డిసెంబర్ 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఇంకో నలుగురిని కాల్చి చంపిండ్రు. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లా. చచ్చిపోయినోళ్ళు ఇప్పటి నారాయణపేట జిల్లా ఊళ్ళ పిల్లలు, లారీల మీద పనిచేసేటోళ్ళు. ఆ పశువైద్యురాలి మీద జరిగింది ఘోరం, మాటల్లేవు. ఆ బిడ్డకు న్యాయం కావాలని మనమంతా రోడ్డెక్కినం. కానీ తెల్లారేసరికి పోలీసుల మీద పూలు చల్లిండ్రు, మిఠాయిలు పంచిండ్రు. మన వాడల్లో సుత కొందరు టపాకాయలు కాల్చిండ్రు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏం తేల్చింది? తుపాకులు గుంజుకొని కాల్చిండ్రు అన్న పోలీసు కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగినయని, పది మంది పోలీసుల మీద హత్యా నేరం కింద విచారణ జరపాలని చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. పూలు చల్లినోళ్ళు ఎందరు దాన్ని చదివిండ్రు?

మేము మన ఆడబిడ్డలకు ఒక మాట చెప్పదలచుకున్నం. దళిత ఆడపిల్ల మీద అగ్రకుల పిల్లవాడు అత్యాచారం చేసిన కేసులో ఎన్‌కౌంటరు జరిగిందని ఎన్నడన్న విన్నరా? తక్షణ న్యాయం తుపాకీ గొట్టం నుంచి వస్తదని చప్పట్లు కొట్టేముందు ఆ గొట్టం ఏ ఇంటి దిక్కు తిరుగుతదో, ఏ ఇంటి దిక్కు తిరగదో ఎంచి చూడాలె.

తుపాకీ అవసరం లేకుండానే ప్రాణం పోయిన కేసు సుత మన దగ్గరనే ఉన్నది. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషనులో ఒక దళిత ఆడమనిషి చనిపోయింది. ఒకరింట్ల వంటపని చేసే మనిషి. దొంగతనం అనుమానం మీద పట్టుకొచ్చిండ్రు. పౌరహక్కుల సంఘాలు కొట్లాడితే హైకోర్టు రెండోసారి పోస్టుమార్టం చేయించింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగంలోంచి తీసేసిండ్రు. వాళ్ళు సుత తొమ్మిది నెలలు, ఏడాది శిక్షణ పొందినోళ్ళే గదా. అట్ట మీద గురి దిద్దిన ఉస్తాదులు ఉన్నరు. ఎదురుగ ఏడుస్తున్న మనిషిని మనిషిగ చూడమని దిద్దినోళ్ళు ఎవలన్న ఉన్నరా?

చుండూరు గుర్తున్నదా? 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి కాలువలో పడేసిన నాడు ఊర్ల పోలీసులు ఉన్నరు, తుపాకులు ఉన్నయి. అవి మనవాళ్ళను కాపాడలేదు. సెప్టెంబర్‌లో బాధితుల శిబిరం దగ్గర మాత్రం అవే తుపాకులు పేలినయి, మన యువకుడొకడు కూలిపోయిండు. పదహారేండ్లకు, 2007లో, చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ కేసు మనకు చెప్పేది ఒకటున్నది. తుపాకీ రాక మనం ఓడిపోలేదు. పంచనామాల, వాంగ్మూలాల, టైముల లెక్కల ఓడిపోయినం. దర్యాప్తు చేసే చెయ్యికి శిక్షణ ఉంటే, ఇష్టముంటే, ఆ సందులు ఉండకపోయేవి.

ఇట్ల రాస్తుంటే మన యువకులు అడుగుతరు: “వాళ్ళకే ఎందుకు తుపాకీ క్లాసులు? మనకు మనం పెట్టుకుందాం.” ఈ మాట మీటింగుల్ల ఈ మధ్య ఎక్కువ వినపడుతున్నది. దీన్ని కసిరికొట్టి పక్కన పెట్టము. ఈ జిల్లాల తుపాకీ పట్టిన తరం ఉండె. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటంల వడిసెలతో మొదలుపెట్టి బర్మారు దాకా నేర్చుకున్నరు. మన మాదిగ, మాల తాతలు దళాలల్ల ఉన్నరు. దొరలు పారిపోయిండ్రు, వెట్టి పోయింది, అది అబద్ధం కాదు. ఆఖరుకు భూమి ఎవల పేర ఎక్కింది, నాయకత్వం ఏ కులాల చేతుల ఉండె అన్నది సుత అబద్ధం కాదు. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో ఆయుధం ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ వచ్చింది. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అందరికీ ఆ హక్కు అంటే దోపిడీగాళ్ళకు సుత ఇచ్చినట్టే గదా అన్నది ఆయన వాదం. 1941లో మహార్ రెజిమెంటు కోసం పట్టుబట్టిన మనిషే ఆయన. తుపాకీ అంటే భయపడి అన్న మాట కాదది. ఊరి లెక్కల చూస్తే మనకు అర్థమైతది. రేపు ఊర్ల అందరికీ తుపాకులంటే మొదటి నూరు తుపాకులు ఎవల ఇళ్ళల్ల ఉంటయి? కొనగలిగేది ఎవలు?

అయితే చట్టంలనే ఒక సంగతి ఉన్నది, ఎక్కువమందికి తెల్వదు. 1995 నాటి అత్యాచారాల నిరోధక నియమావళిలో మూడో నియమం చదువుండ్రి. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలె. అవసరమైతే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలె. దొంగ తుపాకులు పట్టుకోవాలె. అవసరమనుకుంటే ప్రాణం, ఆస్తి కాపాడుకునేటందుకు ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సు ఇవ్వవచ్చు. ఇది ఏ విప్లవ పార్టీ కరపత్రం కాదు, భారత ప్రభుత్వం గెజిటులో అచ్చయిన నియమం. మేము అడిగేది మనకు తుపాకులియ్యమని కాదు. ముందు వాళ్ళవి తీసేయండ్రి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్ల డిపాజిట్ చేయిస్తరు గదా. ఓట్ల కోసం గుంజుకోగలిగిన తుపాకీని మన ప్రాణం కోసం ఎందుకు గుంజుకోలేరు?

అదే నియమావళిలో పదమూడో నియమం ఇంకా ముఖ్యం. అత్యాచారాలు జరిగే చోట వేసే అధికారులకు, సిబ్బందికి ఎస్సీ, ఎస్టీల సమస్యలు అర్థం చేసుకునే గుణం, అవగాహన ఉండాలంటది. పోలీసు యంత్రాంగంలో అన్ని స్థాయిల్లో, ముఖ్యంగా స్టేషను స్థాయిలో, మనవాళ్ళకు తగినంత చోటు ఉండాలంటది. ఆ అవగాహన పుట్టుకతో రాదు, శిక్షణలోనే రావాలె. నలభై నిమిషాల్ల వస్తదా?

ఇది ఒక్క మన దేశం రోగం కాదు. అమెరికాలో పోలీసు అధికారుల పరిశోధన సంస్థ ఒకటి 2015లో అక్కడి శిక్షణల లెక్క తీసింది. కొత్తగా చేరినోళ్ళకు తుపాకీ మీద 58 గంటలు, కుస్తీ, ఆత్మరక్షణ మీద 49 గంటలు, గొడవను మాటతో చల్లార్చడం మీద 8 గంటలు. “యోధుని శిక్షణ” పేరుతో ప్రతి మనిషినీ శత్రువుగా చూడమని చెప్పే క్లాసులు అక్కడ వ్యాపారంగా నడిచినయి. నల్లవాళ్ళ శవాలు లేస్తే గాని మినియాపోలిస్ నగరం 2019లో వాటిని ఆపమనలేదు. ఆ మరుసటేడే, 2020 మే 25న, అదే నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి చంపిండ్రు. క్లాసు రద్దయినంత తొందరగా కండ్ల అలవాటు రద్దు కాదు. ఆ దేశం మనకు దూరం అనుకోవద్దు. 2025 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటాక్లారాలో పోలీసు గుండ్లకు బలైన యువకుడు మన మహబూబ్‌నగర్ బిడ్డ. గదిలో గొడవైంది, చేతిల కత్తి ఉండె అన్నరు అక్కడి పోలీసులు. కత్తి పట్టిన మనిషిని ప్రాణంతో పట్టుకునే విద్య ఉన్నదని, బ్రిటన్‌లో ఎక్కువమంది పోలీసులు నడుముకు తుపాకీ లేకుండానే డ్యూటీ చేస్తరని అందరికీ తెలిసిందే.

మరి మనం ఏం చేయాలె? మొదలు మనం క్లాసు పెట్టుకోవాలె. తుపాకీది కాదు, తుపాకీ మీద చట్టానిది. పోలీసు పట్టుకోవడానికి వచ్చినప్పుడు చావుశిక్ష గాని యావజ్జీవం గాని పడే నేరం మోపబడని మనిషిని చంపే హక్కు వాళ్ళకు లేదు. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 46వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్. గుంపు మీద బలం వాడేముందు మామూలుగ చెదిరిపొమ్మని హుకుము చెప్పాలె. ఎన్‌కౌంటరులో మనిషి చస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాలె, వేరే స్టేషను గాని సీఐడీ గాని దర్యాప్తు చేయాలె, మెజిస్ట్రేటు విచారణ జరగాలె, ఇంటివాళ్ళకు కబురు చెప్పాలె, కాల్చిన తుపాకీని పరీక్షకు అప్పజెప్పాలె, విచారణ తేలకముందే పతకాలు, పదోన్నతులు ఇవ్వొద్దు. ఇవి 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు చెప్పినవి. దానికి ముందే 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ అన్ని రాష్ట్రాలకు ఇట్లాంటి లేఖ రాసింది. ఆ లేఖకు మూలం మన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం పెట్టిన ఫిర్యాదే. మన గడ్డ మీది శవాలు చెప్పిన పాఠం దేశానికంతా రూలయింది. మనకే తెల్వకుంటే ఎట్ల?

రెండోది, శిక్షణకు పోయిన పిల్లల తల్లిదండ్రులకు. పిల్లవాడు సెలవుకు వచ్చినప్పుడు గుండు ఎక్కడ దించినవురా అని మురిసిపోతే పోండ్రి, దాంతోపాటు అట్రాసిటీ చట్టంల నాలుగో సెక్షన్ ఏందిరా అని అడుగుండ్రి. బాధితుల ఫిర్యాదు తీసుకోకుండ, చదివి వినిపించకుండ, దర్యాప్తు సాగదీసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అంటది అది. ఆ సెక్షన్ తెలిసిన కానిస్టేబుల్ రేపు రైటరు టేబులు కాడ కూచుంటే వాడకు ఎంత బలం!

మూడోది, సమాచార హక్కు. కానిస్టేబుళ్ళ శిక్షణ సిలబస్‌లో ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు, అట్రాసిటీ చట్టానికి ఎన్ని, దాని మీద పరీక్ష ఉన్నదా లేదా అని అడుగుతూ దరఖాస్తు పెట్టాలె. రాష్ట్ర స్థాయి ఆఫీసుకు పది రూపాయల ఫీజు, తెల్ల కార్డు ఉన్నోళ్ళకు అదీ లేదు. ఒక్కరు పెడితే జవాబు పక్కన పడతది. మర్రిగూడ మండలం నుంచి ఊరికొక్కరు పెట్టుండ్రి. నమూనా దరఖాస్తు మా కార్యకర్తల దగ్గర ఉన్నది, చదువురాని వాళ్ళకు రాసిపెడతరు.

నాలుగోది దగ్గరిది. ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం అని మండలంలో ఏదో ఒక ఊర్ల పెడుతరు. తహసీల్దారు, ఎస్సై వచ్చి గుళ్ళెకు పోవచ్చు, హోటళ్ళ ఒకే గ్లాసు ఉండాలె అని నాలుగు ముక్కలు చెప్పి, ఫొటో దిగి పోతరు. చాలాచోట్ల ముందురోజు దాక మనకు కబురే ఉండదు. ఈ నెల ఏ ఊర్ల పెడుతున్నరో తహసీల్దారు ఆఫీసుల ఇప్పుడే అడిగి తెలుసుకోండ్రి. పోయేటప్పుడు ఆడవాళ్ళు ముందు కూచోండ్రి. మూడు ప్రశ్నలు కాయితం మీద రాసుకొని పోండ్రి: మన మండలంల అగ్రకులాల ఇళ్ళల్ల లైసెన్సు తుపాకులు ఎన్ని ఉన్నయి, జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకొకసారి కూచుంటున్నదా, స్టేషనుల ఉన్నోళ్ళల్ల అట్రాసిటీ చట్టం మీద శిక్షణ పొందినోళ్ళు ఎంతమంది. జవాబు నోటితో చెప్తే ఒప్పుకోవద్దు. పంచాయతీ రిజిస్టరుల రాయించి, సంతకం పెట్టించి, దాని నకలు మాకు పంపుండ్రి. వచ్చినయి వచ్చినట్టు, ఊరి పేరుతో సహా అచ్చేస్తం.